ఐరోపా దేశాల మర్యాదలు, వ్యాపార పద్ధతులు: ఒక తులనాత్మక పరిశీలన

ఐరోపా ఖండంలో నలభైకి పైగా దేశాలున్నాయి. వాటిలో 27 దేశాలు ఐరోపా సమాఖ్యగా ఏర్పడి సరుకుల రాకపోకలకు ఒకే నిబంధనలు పెట్టుకున్నాయి. ఒక కంటైనరు రొయ్యలు బెల్జియంలోని ఆంట్వెర్ప్ రేవులో తనిఖీ దాటాయంటే, అక్కడి నుంచి పారిస్‌కైనా మిలాన్‌కైనా ఏ అడ్డూ లేకుండా వెళ్లిపోతాయి. ఆ సరుకు అమ్ముకోవడానికి వెళ్లిన మనిషికి మాత్రం సరిహద్దు దాటినప్పుడల్లా పలకరింపు మారుతుంది, భోజనం వేళ మారుతుంది, ‘కాదు’ అని చెప్పే తీరు మారుతుంది. ఐరోపా వాళ్లంటే ఒకే రకం మనుషులనే అభిప్రాయం మన దగ్గర బలంగా ఉంది. ఈ వ్యాసం దాన్ని సరిచేయడానికే.

గూడూరును ఆనుకుని, చెన్నై–కోల్‌కతా జాతీయ రహదారి మీదున్న చిల్లకూరుకు ఇది దూరపు ముచ్చట కాదు. ఈ మండలంలోని తమ్మినపట్నం దగ్గరున్న మీనాక్షి ఎనర్జీ బొగ్గు విద్యుత్ కేంద్రంలో 2013లో ఫ్రాన్సుకు చెందిన జీడీఎఫ్ స్యూజ్ అధిక వాటా కొన్నది. ఆ సంస్థే తరువాత ఎంజీ అని పేరు మార్చుకుంది, 2018లో ఇక్కడి నుంచి తప్పుకుంది. 2023లో కేంద్రం వేదాంత చేతికి వచ్చింది. నెల్లూరు వైపు స్పెయిన్ కంపెనీ గమేసా గాలిమరల రెక్కల కర్మాగారం పెట్టింది. 2017లో ఆ కంపెనీ జర్మనీ సీమెన్స్ వారి పవన విద్యుత్ విభాగంతో కలిసిపోయింది. దక్షిణాన శ్రీసిటీలో ఫ్రాన్సు సంస్థ ఆల్‌స్టమ్ మెట్రో రైలు పెట్టెలు చేస్తోంది, ఇటలీ సంస్థ డానియేలీ ఉక్కు కర్మాగారాలకు యంత్రాలు చేస్తోంది. చిల్లకూరు, కోట మండలాల్లో తలపెట్టిన కృష్ణపట్నం పారిశ్రామిక నగరానికి 2025 జనవరి 8న శంకుస్థాపన జరిగింది. ఈ ప్రాంతంలో ఐటీఐ, డిప్లొమా చదివే పిల్లలకు రేపటి పై అధికారి జర్మనో, ఇటాలియనో కావడం ఇప్పుడు మామూలు సంగతే.

తీరం చూసిన పాతకాలం

ఈ తీరానికి ఐరోపా వర్తకులతో నాలుగు వందల ఏళ్ల పరిచయం ఉంది. డచ్చివాళ్లు 1605లో మచిలీపట్నంలో గిడ్డంగి తెరిచి, 1610లో ప్రళయకావేరి అంచునున్న పులికాట్‌లో స్థిరపడి, 1613 నాటికి అక్కడ గెల్డ్రియా కోట కట్టుకున్నారు. ఇంగ్లీషువాళ్లు 1626లో చిల్లకూరుకు దక్షిణంగా వాకాడు దగ్గరున్న దుగరాజపట్నంలో దిగారు. వాళ్ల కాగితాల్లో ఆ ఊరి పేరు ఆర్మగాన్. భారతదేశంలో ఇంగ్లీషువాళ్లు ఫిరంగులు పెట్టి కాపు కాసుకున్న తొలి స్థావరాల్లో అదొకటి. అక్కడ అధిపతిగా ఉన్న ఫ్రాన్సిస్ డే 1639లో ఆ ప్రాంతపు నాయకులైన దామెర్ల వారి దగ్గర మద్రాసపట్నం మీద అనుమతి సంపాదించాక ఆ మకాం దక్షిణానికి కదిలింది. చెన్నపట్నం చరిత్రలో మొదటి అధ్యాయం ఈ నెల్లూరు తీరానిదే, ఆ మాట మనవాళ్లు ఇంకా గట్టిగా చెప్పుకోవాలి.

అప్పట్లోనూ ఐరోపా ఒకటి కాదు. పోర్చుగీసువాళ్లు తమ రాజు పేరున వచ్చి, మతాన్ని వెంట తెచ్చుకుని, ఇక్కడే పెళ్లిళ్లు చేసుకుని ఊళ్లు కట్టుకున్నారు. డచ్చివాళ్లది 1602లో పుట్టిన వాటాదారుల కంపెనీ, పైన పదిహేడుగురు డైరెక్టర్లు. ఇక్కడ జరిగిన ప్రతి సంగతీ రాసి పంపాల్సిందే. డేన్లు 1620లో తంజావూరు రఘునాథ నాయకుడితో ఒప్పందం చేసుకుని తరంగంబాడిలో దిగారు. ఆయన డెన్మార్కు రాజుకు బంగారు రేకు మీద పంపిన లేఖ కోపెన్‌హాగన్‌లో ఇప్పటికీ భద్రంగా ఉంది.

కాగితం మీద ఎంత పట్టుదల ఉన్నా, ఇక్కడి దొరల ముందు వీళ్లంతా ఇక్కడి మర్యాదే నేర్చుకున్నారు. చంద్రగిరి, వేలూరు దర్బారులకు వట్టి చేతులతో వెళ్లే పని లేదు. సన్నని ఉన్నిబట్ట, అద్దాలు, కత్తులు కానుకగా పట్టుకెళ్లేవారు. పిలుపు వచ్చేదాకా కాచుకునేవారు. తాంబూలం ఇచ్చాకే మాట ముగిసినట్టు. మధ్యలో దుబాసీ లేకుండా అడుగు పడేది కాదు. మద్రాసులో కంపెనీకి పెద్ద వర్తకుడిగా ఉన్న బేరి తిమ్మన్న, ఆయన తరువాత కాసి వీరన్న ఈ మధ్యవర్తుల్లో ఘనులు. 1680లో వీరన్న పోయినప్పుడు కోట నుంచి ఫిరంగులు పేల్చి గౌరవించారు.

బట్టల వ్యాపారం జరిగిన తీరు చూడండి. కంపెనీ మచ్చు చూపించి, ఇంత పొడవు, ఇంత వెడల్పు అని ఒప్పందం రాయించుకుని వర్తకుడికి బయానా ఇచ్చేది. వర్తకుడు ఆ సొమ్మును నేతగాళ్లకు పంచేవాడు. నెలల తరువాత బట్ట గిడ్డంగికి చేరాక, మచ్చు పక్కన పెట్టుకుని తానులన్నీ విప్పి చూసేవారు. నేత పలచబడినా, రంగు తేలిపోయినా ధర కోత పడేది. మరీ నాసిరకమైతే తానులు తిరుగుముఖం పట్టేవి. ఆ నష్టం చివరికి నేతగాడి మీదే పడేది. అనుమతి కోసం కానుకలతో, తాంబూలాలతో వంగినవాళ్లే గిడ్డంగిలో అంగుళం వదిలేవారు కాదు. ఒకే కంపెనీ మనుషులు దర్బారులో ఒక రకంగా, గిడ్డంగిలో ఇంకో రకంగా నడుచుకున్నారంటే, మర్యాద అనేది ఏ జాతికీ రక్తంలో ఉండేది కాదని తేలుతుంది. అవసరం దాన్ని తయారుచేస్తుంది. ఇప్పుడున్న తేడాలనూ ఆ కంటితోనే చూడాలి.

పరిశోధకులు ఏమన్నారు

అమెరికా మానవశాస్త్రవేత్త ఎడ్వర్డ్ హాల్ 1959 నుంచి రాసిన పుస్తకాల్లో ఒక తేడా చూపించాడు: కొన్ని సమాజాలు ఒక వేళకు ఒకే పని పెట్టుకుంటాయి, కొన్ని నాలుగు పనులు కలిపి నడుపుతాయి. జర్మనీ, స్విట్జర్లాండ్, స్కాండినేవియా మొదటి వైపు, మధ్యధరా తీరం రెండో వైపు. డచ్చి పరిశోధకుడు గీర్ట్ హాఫ్‌స్టెడ్ 1967–73 మధ్య ఐబీఎం ఉద్యోగుల నుంచి సేకరించిన లక్షకు పైగా ప్రశ్నపత్రాలను విశ్లేషించి 1980లో గ్రంథం తెచ్చాడు. పై అధికారికి, కింది ఉద్యోగికి మధ్య దూరాన్ని జనం ఎంతవరకు సహజమనుకుంటారు, తెలియనిదంటే ఎంత బెదురుతారు లాంటి కొలతలు ఆయనవి. ఆ కొలతల్లో ఫ్రాన్సు, డెన్మార్కు ఒకదానికొకటి చాలా దూరంలో ఉంటాయి. ఒకే కంపెనీ ఉద్యోగులను అడిగి దేశమంతటి స్వభావం తేల్చడం సబబేనా అని విమర్శలు గట్టిగానే వచ్చాయి. అవి న్యాయమైన విమర్శలే. ఈ పట్టికలు దారి చూపడానికి పనికొస్తాయి. ఎదుటి మనిషిని తూచడానికి పనికిరావు.

పలకరింపు

కరచాలనం ఐరోపా అంతటా చెల్లుతుంది. జర్మనీలో గదిలో ఉన్న అందరికీ వరసగా చెయ్యి ఇస్తారు, పట్టు గట్టిగా, కళ్లలోకి చూస్తూ. మన పిల్లలు పెద్దల ముందు చూపు దించుకోవడం వినయమనుకుంటారు. అక్కడ అది దాపరికంలా కనిపిస్తుంది. ఫ్రాన్సులో పరిచయస్తులు చెంపలకు చెంపలు ఆనించి గాలిలో ముద్దు పెట్టుకుంటారు. ఎన్ని అనేది ఊరిని బట్టి ఉంటుంది. బెల్జియంలో సాధారణంగా ఒకటి, నెదర్లాండ్స్‌లో మూడు, ఫిన్లాండ్‌లో అసలు లేదు. వ్యాపారంలో తొలి పరిచయానికి చెయ్యి చాలు. ఫ్రాన్సులో ఇంతకన్నా ముఖ్యమైనది ఇంకోటి ఉంది: దుకాణంలోకైనా, ఆఫీసులోకైనా అడుగు పెట్టగానే ‘బోంజూర్’ అనాలి. ఆ మాట లేకుండా ధర అడిగితే అమ్మేవాళ్ల ముఖం ముడుచుకుంటుంది.

రష్యాలో, ఉక్రెయిన్‌లో గడపకు అటొకరు ఇటొకరు నిలబడి చెయ్యి కలపరు, లోపలికి రమ్మని కలుపుతారు. ఈ ఒక్కటి మనవాళ్లకు వెంటనే అర్థమవుతుంది. బల్గేరియాలో తల అడ్డంగా ఊపితే అవునని, పైకెత్తి దించితే కాదని. గ్రీసులో అరచెయ్యి విప్పి ముఖం మీదికి చూపడం పెద్ద తిట్టు, కాబట్టి ‘ఐదు’ అని వేళ్లు చూపేటప్పుడు జాగ్రత్త. ఎడమ చేత్తో వస్తువు ఇవ్వడం మాత్రం అక్కడ ఎక్కడా తప్పు కాదు. ఎడమ చేత్తో కాగితం అందించారని మనం నొచ్చుకోకూడదు.

సంబోధన

తెలుగువాడికి ఇక్కడ పుట్టుకతో వచ్చిన సౌలభ్యం ఒకటుంది. ‘మీరు’, ‘నువ్వు’ తేడా తెలిసినవాడికి జర్మన్ ‘జీ’, ‘దూ’ గానీ, ఫ్రెంచి ‘వూ’, ‘తు’ గానీ వివరించనక్కర్లేదు. ఇంగ్లీషు ఒక్కటే వచ్చినవాళ్లే ఇక్కడ తడబడతారు. జర్మనీలో ‘దూ’ అనుకుందామని పెద్దవారో, పై అధికారో ముందుగా అడగాలి, చిన్నవాళ్లు చొరవ చేయకూడదు. ఓట్టో అనే పెద్ద వాణిజ్య సంస్థ అధిపతి 2016లో ఉద్యోగులందరూ తనను ‘దూ’ అనవచ్చని ప్రకటిస్తే అది దేశమంతా వార్తయింది. స్పెయిన్‌లో మాత్రం అరగంటలోనే చనువు మాటలోకి దిగుతారు.

స్వీడన్ కథ ఇంకా ఆసక్తికరం. 1960ల దాకా అక్కడ ఎదుటి మనిషిని సూటిగా ‘మీరు’ అనడం కూడా మర్యాద కాదు. ‘డైరెక్టరు గారు కాఫీ తీసుకుంటారా’ అని ఎదురుగా ఉన్న డైరెక్టరునే ప్రథమ పురుషలో అడిగేవారు. 1967లో జాతీయ వైద్య మండలి అధిపతిగా చేరిన బ్రూర్ రెక్సెడ్ తన సిబ్బంది అందరినీ ‘దూ’ అనీ, పేరు పెట్టీ పిలుస్తానని ప్రకటించాడు. అప్పటికే మొదలైన మార్పు ఆ తరువాత ఊపందుకుంది. ఒక తరం తిరిగేసరికి దేశమంతా ఏకవచనంలోకి వచ్చేసింది. స్వీడన్ వాళ్లు పుట్టుకతోనే సమానత్వం ఎరిగినవాళ్లని రాసే పుస్తకాలు ఈ సంగతి మరిచిపోతాయి.

ఆస్ట్రియాలో బిరుదులకు ఇప్పటికీ విలువ ఎక్కువ. డాక్టరేటునే కాదు, ‘మాగిస్టర్’ అనే పట్టాను కూడా పేరుకు ముందు పలుకుతారు. ఇటలీలో పట్టభద్రుడెవరైనా ‘దొత్తోరె’. పోర్చుగల్‌లో ఇంజనీరును ఇంజనీరుగానే పిలవాలి. పోలండ్‌లో ‘పాన్’, ‘పానీ’ అనేవి దాదాపు మన ‘గారు’ చేసే పనే చేస్తాయి. ఐస్‌లాండ్‌లో వంశనామాలు అరుదు, తండ్రి పేరుకో తల్లి పేరుకో ‘కొడుకు’, ‘కూతురు’ అని చేరుస్తారు. దేశాధ్యక్షుడినైనా సొంత పేరుతోనే పిలుస్తారు. హంగరీలో మనలాగే ఇంటిపేరు ముందు రాస్తారు. మిగిలిన దేశాల్లో ఇంటిపేరు చివర వస్తుంది కాబట్టి, మన పాస్‌పోర్టుల్లోని పేర్లు వాళ్లను తికమక పెడతాయి. ఉత్తరం చివర తమను ఏమని పిలవాలో స్పష్టంగా రాయడం మంచి అలవాటు.

వేళ

జర్మనీ, స్విట్జర్లాండ్‌లలో పది గంటల సమావేశమంటే పదికి ఐదు నిమిషాల ముందే కుర్చీలో ఉండాలి. ఆలస్యమయ్యేటట్టుంటే ముందే ఫోను చేయాలి, కారణం ఒక్క మాటలో చెప్పాలి. అదే జర్మనీలో విశ్వవిద్యాలయ పాఠం మాత్రం సంప్రదాయంగా చెప్పిన వేళకు పావుగంట తరువాత మొదలవుతుంది. నియమమంటే ప్రాణమిచ్చే దేశంలో ఆలస్యానికీ ఒక నియమం ఉందన్నమాట. ఫ్రాన్సులో ఎవరింటికైనా భోజనానికి పిలిస్తే పది పదిహేను నిమిషాలు ఆలస్యంగా వెళ్లడమే మర్యాద, ముందు వెళితే ఇంటివాళ్లను ఇబ్బంది పెట్టినట్టు. స్పెయిన్‌లో రాత్రి భోజనం తొమ్మిది దాటాకే. నార్వేలో సాయంత్రం ఐదింటికే ముగించేస్తారు.

‘కాదు’ అని చెప్పడం

వ్యాపారంలో అసలు చిక్కు ఇక్కడే. డచ్చివాళ్లు మీ ధర ఎక్కువ, మీ నమూనా బాగా లేదు అని మొహమాటం లేకుండా ముఖం మీదే చెబుతారు. అందులో కోపం ఉండదు, మీ సమయం వృథా చేయకూడదన్న ఉద్దేశం ఉంటుంది. జర్మన్లూ దాదాపు అంతే. బ్రిటన్‌లో తిరస్కారం మెత్తటి మాటల్లో వస్తుంది. ‘ఆసక్తికరంగా ఉంది’ అంటే చాలాసార్లు వద్దనే. ‘ఒకసారి ఆలోచించి చెబుతాం’ అన్న తరువాత ఉత్తరం రాకపోతే అదే జవాబు. ఆ భాష మనకు కొత్త కాదు, పెళ్లిచూపులకు వచ్చి ‘ఇంటికెళ్లి ఉత్తరం రాస్తాం’ అన్నవాళ్లను చూసినవాళ్లమే కదా.

ఫ్రెంచివాళ్లు ప్రతిపాదన వినగానే లోపాలు పట్టుకుంటారు, వాదిస్తారు. బడిలోనే ఒక వాదం, దానికి ప్రతివాదం, ఆపై సమన్వయం అని వ్యాసం రాయడం నేర్చుకున్నవాళ్లు వాళ్లు. అంతగా వాదించారంటే మీ మాటకు విలువ ఇచ్చారనే అర్థం. ఫిన్లాండ్‌లో ప్రశ్న అడిగాక వచ్చే మౌనం ఆలోచనకు గుర్తు. ఆ మౌనం భరించలేక మనమే మాట్లాడేసి, అడగకుండానే ధర తగ్గించేస్తే నష్టం మనదే. మన వైపు నుంచి జరిగే పొరపాటు కూడా ఒకటి చెప్పాలి: చేయలేని పనికి ‘చూద్దాం సార్’, ‘అయిపోతుంది’ అనడం. జర్మన్ చెవికి అది మాట ఇచ్చినట్టే. గడువు రోజున పని కాకపోతే పోయేది నమ్మకం.

నిర్ణయం ఎవరిది

ఫ్రెంచి కంపెనీలో చివరి మాట పై అధికారిదే. ఆ స్థాయికి చేరినవాళ్లలో చాలామంది 1794లో స్థాపించిన ఎకోల్ పాలిటెక్నిక్ లాంటి ఎంపిక చేసిన విద్యాసంస్థల్లో చదివినవాళ్లు, ఆ పరిచయాలు జీవితాంతం పనిచేస్తాయి. జర్మనీలో అధికారి ఒక్కడే తేల్చలేడు. రెండు వేల మందికి మించి ఉద్యోగులున్న కంపెనీల పర్యవేక్షక మండలిలో సగం స్థానాలు ఉద్యోగుల ప్రతినిధులకు ఇవ్వాలని 1976 నాటి చట్టం చెబుతోంది. కింది స్థాయిలో ఎన్నికైన ఉద్యోగుల మండలితో పనివేళల దగ్గర నుంచి సంప్రదించాలి. నెదర్లాండ్స్‌లో 1982 నాటి వాసెనార్ ఒప్పందంతో యజమానులు, కార్మిక సంఘాలు జీతాల పెంపును అదుపులో ఉంచుకుని పనిగంటలు తగ్గించుకోవడానికి ఒప్పుకున్నారు. స్వీడన్‌లో సమావేశానికి ముందే సంబంధమున్న అందరితో మాట్లాడి ఒప్పిస్తారు. నిర్ణయం ఆలస్యంగా వస్తుంది, వచ్చాక అమలు చకచకా సాగుతుంది. ఇలాంటి దేశంలో పెద్దాయన ఒక్కడిని పట్టుకుంటే పని అయిపోతుందనుకోవడం వృథా ప్రయాస.

భోజనం, కాఫీ

ఫ్రాన్సులో మధ్యాహ్న భోజనం పనిలో భాగం. పనిచేసే బల్ల దగ్గర ఉద్యోగులను తిననివ్వకూడదని అక్కడి కార్మిక నిబంధన. కోవిడ్ కాలంలో 2021లో దాన్ని సడలించాల్సి వచ్చింది. బల్ల ముందు కూర్చున్నప్పుడు మణికట్లు బల్ల మీద కనిపించాలి. బ్రిటన్‌లో ఖాళీగా ఉన్న చేతులు ఒళ్లో పెట్టుకుంటారు. ఇటలీలో పాలు కలిపిన కప్పుచీనో ఉదయానికే, భోజనం అయ్యాక చిన్న కప్పులో చిక్కటి కాఫీ. స్వీడన్‌లో రోజూ కాఫీ, తీపి రొట్టెలతో ‘ఫీకా’ అనే విరామం ఉంటుంది. దానికి పోకుండా పని చేసుకుంటూ కూర్చున్నవాడు శ్రద్ధగలవాడని కాదు, కలవనివాడని పేరు తెచ్చుకుంటాడు. హంగరీలో చాలామంది బీరు గ్లాసులు తాటించరు. 1849లో పదముగ్గురు హంగరీ సేనానుల్లో కొందరిని ఉరితీసి, కొందరిని కాల్చి చంపినప్పుడు ఆస్ట్రియన్లు అలా గ్లాసులు తాటించారని కథ. మద్యం, మాంసం ముట్టనివాళ్లు ముందే ఆ మాట చెబితే చాలు, ఎక్కడా తప్పు పట్టరు.

పూలు, కానుకలు

ఇంటికి పిలిస్తే పూలు తీసుకెళ్లడం బాగుంటుంది. పోలండ్, రష్యాల్లో బేసి సంఖ్యలో ఉండాలి, సరి సంఖ్య అంత్యక్రియలకు. ఫ్రాన్సు, బెల్జియం, ఇటలీలలో చామంతులు వద్దు. నవంబరు 1 నాటికి సమాధుల మీద పెట్టే పూలు అవి. మన ఇళ్లలో శుభకార్యానికి వాడే పువ్వు అక్కడ శోకచిహ్నం. కానుకను ఇచ్చినవాళ్ల ఎదుటే విప్పి చూస్తారు, మనలా లోపల దాచి ఉంచరు.

ఆఫీసు కానుకల సంగతి చట్టం చేతిలోకి వెళ్లిపోయింది. బ్రిటన్ లంచగొండితన నిరోధక చట్టం 2011 జూలై 1 నుంచి అమల్లో ఉంది. కంపెనీ తరఫున ఎవరో ఏ దేశంలోనో లంచం ఇచ్చినా, ఆపడానికి తగిన ఏర్పాట్లు చేయలేదని కంపెనీనే బోనెక్కించవచ్చు. ఫ్రాన్సు 2016లో ఇలాంటి చట్టమే తెచ్చింది. ఆర్మగాన్ నాటి వర్తకులు దర్బారుకు మోసుకెళ్లిన కానుకలు ఇప్పటి వాళ్ల వారసుల చట్టాల కింద నేరమయ్యేవి. దీపావళికి బయ్యరుకు వెండి పళ్లెం పంపే ముందు వాళ్ల కంపెనీ నియమం అడిగి తెలుసుకోవడం మంచిది. మిఠాయి డబ్బాకు సాధారణంగా అభ్యంతరం ఉండదు.

సెలవులు, సరుకు

ఐరోపా సమాఖ్యలో ప్రతి ఉద్యోగికీ ఏడాదికి కనీసం నాలుగు వారాల జీతంతో కూడిన సెలవు చట్టబద్ధం. ఫ్రాన్సులో 2017 జనవరి నుంచి, యాభై మందికి పైగా ఉన్న సంస్థల్లో, పనివేళలు దాటాక ఫోను, ఈమెయిలు జోలికి పోకుండా ఉండే హక్కు గురించి ఉద్యోగులతో చర్చించి తేల్చుకోవాలి. జర్మనీలో ఆదివారం దుకాణాలు మూసి ఉంటాయి, ఆ విశ్రాంతికి రాజ్యాంగ రక్షణ ఉంది. రాత్రి పదకొండుకు వాట్సాప్‌లో ‘అర్జంటు’ అని పెట్టే మన అలవాటును అక్కడ పనిమీద శ్రద్ధగా ఎవరూ లెక్కించరు.

రొయ్యల వ్యాపారికి ఇవన్నీ లెక్కలోకి వచ్చే విషయాలే. 2025 ఆగస్టులో మన సరుకు మీద అమెరికా సుంకాలు 50 శాతానికి చేరాక, ఎగుమతిదారుల చూపు ఐరోపా వైపు మరింత తిరిగింది. ఆ బయ్యర్లు కిలోకు ఎన్ని అనే కౌంట్‌తో పాటు చెరువు ఎక్కడ, మేత ఏది, మందులు ఏమైనా వాడారా అని కాగితం అడుగుతారు. నిషేధించిన యాంటీబయాటిక్ అవశేషాల కోసం సరిహద్దులో పరీక్షించే భారతీయ సాగు రొయ్యల వాటాను సమాఖ్య 2016లో 50 శాతానికి పెంచింది. అంత దాకా వచ్చాక ఏ దేశపు బయ్యరైనా ఒకటే, మచ్చుకు తగ్గితే సరుకు తిరుగుముఖమే. తేడా అంతా అంతకు ముందరి మాటల్లో ఉంటుంది. డచ్చి బయ్యరు ఈమెయిల్లోనే ధర తేల్చేస్తాడు. స్పెయిన్, ఇటలీ బయ్యర్లు ఒకసారి వచ్చి చెరువు గట్టు మీద నడిచి, యజమానితో కలిసి భోంచేసి, ఇంటి విషయాలు అడిగి అప్పుడు సంతకం పెడతారు. డిసెంబరు పండుగ అమ్మకాలకు సరుకు అందాలంటే ఈ బేరాలన్నీ జూలై లోపే ముగియాలి. ఆగస్టు 15 ఇటలీలో పెద్ద పండుగ, ఫ్రాన్సులోనూ ఆ నెలంతా సెలవులే, ఆ రోజుల్లో పారిస్‌కో మిలాన్‌కో ఫోను చేసినా ఎత్తి జవాబు చెప్పేవాళ్లు దొరకడం కష్టం.